చేత్తో చేసి ఎగరేసే బుల్లి వ్యోమనౌక: ఏ ఆకారం, ఏ మోటారు, ఏ సామాను?

మందు నింపిన చిన్న మోటారుతో పైకి లేచే బొమ్మ నౌకల్లో నా మొదటిదాని పొడవు 24 సెంటీమీటర్లు. వెనక రెండు పక్కలా పాత మార్కర్ పెన్నుల గొట్టాలు కోసి ఇంజన్లలా అతికించాను. వెండిరంగు వేశాను. కిటికీలు కూడా గీశాను. బల్ల మీద పెడితే ఎంత ముచ్చటగా ఉందో! లాంచ్ రాడ్ (లేచేటప్పుడు నౌకకి దారి చూపే నిలువు కడ్డీ) దాటి రెండు నిలువుల ఎత్తు లేచిందో లేదో, భూచక్రంలా గిరగిరా తిరిగి గడ్డిలో మొహం పెట్టింది. తప్పంతా ఆ రెండు పెన్నులదే. బరువంతా తోకలో చేరింది.

ఎగిరే రాకెట్‌కి గురుత్వ కేంద్రం ముందు, పీడన కేంద్రం వెనక ఉండాలి. రెంటి మధ్య దూరం తక్కువలో తక్కువ గొట్టం వ్యాసమంత ఉండాలి. గురుత్వ కేంద్రం అంటే దారం మీద వేలాడదీస్తే సమంగా నిలిచే చోటు. పీడన కేంద్రం అంటే గాలి తోపుడంతా కలిసి ఒక్కచోట పనిచేసినట్టు అనిపించే చోటు. బాణానికి మొన బరువుగా, చివర ఈకలు ఉండేదీ ఇందుకే. అసలు అంతరిక్ష రాకెట్లలో చాలావాటికి ఈ బాధ లేదు, అవి ఇంజన్‌ని అటూ ఇటూ వంచి తమను తాము సరిదిద్దుకుంటాయి. మన బొమ్మలో ఆ తెలివి లేదు. అందుకే సినిమాల్లో కనిపించే నౌకని, లేదా అసలు రాకెట్‌ని, ఉన్నదున్నట్టు చిన్నది చేసి ఎగరేస్తే చాలాసార్లు తిరగబడుతుంది.

లెక్క ఒకటి చూడండి. 20 సెంటీమీటర్ల పొట్టి నౌక. గురుత్వ కేంద్రం ముక్కు నుంచి 8వ సెంటీమీటరు దగ్గర ఉండాలి అనుకుందాం. తోక చివర, 19వ సెంటీమీటరు దగ్గర 1 గ్రాము పెంచారు. దాన్ని సరిపెట్టడానికి ముక్కులో, 2వ సెంటీమీటరు దగ్గర మట్టి (బొమ్మలు చేసే క్లే) పెట్టాలి. అటు 11 సెంటీమీటర్ల దూరం, ఇటు 6 మాత్రమే. అంటే వెనక 1 గ్రాముకి ముందు దాదాపు 1.8 గ్రాములు కావాలి. మొత్తం మీద 2.8 గ్రాములు పెరిగాయి. ఒక గ్రాము తప్పుకి మూడు గ్రాముల జరిమానా. కాబట్టి ఏ రెండు దారుల్ని పోల్చినా నేను మొదట అడిగేది ఒకటే: ఈ బరువు ముక్కు వైపు చేరుతోందా, తోక వైపు చేరుతోందా?

ముందు ఆకారం తేల్చుకోండి

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా: సన్నటి పొడవాటి గొట్టమే వెన్నెముకగా పెట్టుకుని, దాని మీద నౌక అందాలు అతికించండి. పొడవు వ్యాసానికి పది రెట్లు దాటితే అంతా సులువు. ముక్కులో పెట్టిన కొంచెం మట్టి కూడా దూరం వల్ల బాగా పనిచేస్తుంది. చూసేవాళ్లకు అది రాకెట్‌లాగే కనిపిస్తుందన్న అసంతృప్తి ఉంటే ఉండనివ్వండి, రెండో నౌకకి దాచుకోండి.

అసలు నౌకకి నమూనా చేయాలని ఉంటే మెర్క్యురీ-రెడ్‌స్టోన్ మంచి ఎంపిక. 1961 మే 5న అమెరికా తొలి వ్యోమగామి అలన్ షెపర్డ్‌ని పైకి తీసుకెళ్లింది ఇదే. దానికి తోకలో నిజంగానే ఫిన్లు (నిటారుగా ఉంచే తోక రెక్కలు) ఉన్నాయి. వ్యాసం 1.78 మీటర్లు, పైన ఉన్న రక్షణ టవర్‌తో కలిపి ఎత్తు సుమారు 25.4 మీటర్లు. 18.7 మిల్లీమీటర్ల గొట్టంతో చేస్తే అది 95వ వంతు నమూనా అవుతుంది, పొడవు దాదాపు 27 సెంటీమీటర్లు వస్తుంది. ఆ కొలతకు అసలు ఫిన్లు మాత్రం చిన్నవే. వాటి అంచులకు పారదర్శక ప్లాస్టిక్ షీటుతో పొడిగింపు అతికిస్తే, ఐదడుగుల దూరం నుంచి కనిపించదు. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన సాటర్న్-5 అందరికీ ఇష్టం, కానీ 10.1 మీటర్ల వ్యాసానికి 110.6 మీటర్ల ఎత్తు. 41.6 మిల్లీమీటర్ల గొట్టంతో 45 సెంటీమీటర్లు దాటుతుంది. అది బుల్లిది అనిపించుకోదు, దాని మీద ఉన్న గీతలు, ముడతలు, మెలికలన్నీ చేసేసరికి ఓపిక కూడా దాటుతుంది. రష్యా రాకెట్ సోయుజ్‌లో ఒక చిత్రం ఉంది. కిందికి వెడల్పయ్యే ఆ నాలుగు పక్క శంకువులే కొంతవరకు ఫిన్ల పని చేస్తాయి. అయితే నాలుగు శంకువులనూ ఒకేలా చుట్టడం కొత్తచేతికి పరీక్షే.

పళ్లెం నౌకని చాలామంది బొమ్మగా కొట్టిపారేస్తారు, నాకు మాత్రం అదంటే ప్రేమ. పైకి కొద్దిగా గుబ్బలా, కింద బల్లపరుపుగా ఉండే అట్ట నౌక. దాని అడుగున ఏర్పడే గాలి లాగుడే దాన్ని నిటారుగా ఉంచుతుంది. ఎక్కువ ఎత్తు పోదు, చిన్న మైదానంలోనే దిగుతుంది, పారాచూట్ అక్కర్లేదు. సాయంత్రం మొదలుపెడితే పొద్దున్నకి రెడీ. పిల్లలతో చేస్తే మొదటిది ఇదే కావాలి.

పక్క రెక్కలున్న విమానం లాంటి నౌకలు, ఒకవైపు ఒకటి మరోవైపు ఇంకొకటి ఉండే వంకర నౌకలు మూడో నాలుగో ప్రయత్నానికి వదిలేయండి. పైభాగానికీ కిందిభాగానికీ గాలి లాగుడు వేరైతే, మోటారు తోపుడు గీత గురుత్వ కేంద్రం గుండా పోకపోతే, ఎంత మట్టి పెట్టినా నౌక ఒక పక్కకి వంగుతూనే ఉంటుంది. ముక్కు దగ్గర బుల్లి రెక్కలు అందంగా ఉంటాయి కానీ పీడన కేంద్రాన్ని ముందుకి లాగుతాయి. ఒక్క ముందు రెక్క పెట్టారంటే వెనక ఫిన్లు ఇంకా పెద్దవి కావాలి.

మోటారు: పెద్దదా, చిన్నదా?

మోటారుని మాత్రం కొనాల్సిందే. మందు కలిపి ఇంట్లో చేయడం చేతివేళ్లతో పందెం కాయడం. మీరుండే చోట వాటి అమ్మకం మీదా ఎగరేయడం మీదా ఉన్న నియమాలు ముందే కనుక్కోండి.

మోటారు మీద ఏ8-3 అని ఉంటే, అక్షరం మొత్తం శక్తి తరగతి, 8 అంటే సగటు తోపుడు న్యూటన్లలో, 3 అంటే మండడం ఆగాక పారాచూట్ బయటకు తన్నే వరకు ఆగే సెకన్లు. ఒక అక్షరం పెరిగితే శక్తి పరిమితి రెట్టింపు: ఏ తరగతికి 2.5 న్యూటన్-సెకన్లు, బీకి 5, సీకి 10. చివర సున్నా ఉన్నవి, సీ6-0 లాంటివి, రెండంతస్తుల రాకెట్‌కి కింది మోటార్లు. తెలియక ఒంటరి నౌకలో పెట్టకండి, పైకి ఎగురుతున్న క్షణంలోనే మంట ముందుకి తన్నుతుంది.

బుల్లి నౌకకి ప్రధానంగా రెండే సైజులు: 13 మిల్లీమీటర్లది, 18 మిల్లీమీటర్లది. మొదటిది 45 మిల్లీమీటర్ల పొడవు, ఏ తరగతిది సుమారు 8 గ్రాములు. రెండోది 70 మిల్లీమీటర్లు, సీ తరగతిది సుమారు 24 గ్రాములు. "పెద్దది పెడితే ఎక్కువ పోతుంది" అనే ఆలోచన ఇక్కడే దెబ్బతింటుంది. ఇందాకటి 20 సెంటీమీటర్ల నౌకలో 8 గ్రాముల మోటారు తీసి 24 గ్రాములది పెట్టండి. తోకలో 16 గ్రాములు పెరిగింది, పొడవాటి మోటారు మధ్యభాగం కొంత ముందుకి జరుగుతుంది కాబట్టి 1.8 రెట్లు కాకపోయినా, దానికి ముక్కులో సుమారు 21 గ్రాముల మట్టి కావాలి. మొత్తం 37 గ్రాములు. నౌక బరువు 25 గ్రాములే అయితే, మోటారు నౌకని మోస్తోందో, నౌక మోటారుని మోస్తోందో తెలియదు.

నా లెక్క ఇది: 20 సెంటీమీటర్ల లోపు, 35 గ్రాముల లోపు నౌకకి 13 మిల్లీమీటర్ల మోటారు చాలు. 25 సెంటీమీటర్లు దాటితే, పక్క ఇంజన్లు, రెక్కలు ఉంటే 18 మిల్లీమీటర్లది. 24 మిల్లీమీటర్ల డీ12 తరగతి బరువైన, పెద్ద నౌకలకు మంచిది, ఈ వ్యాసంలో దాని మాట వదిలేద్దాం. ఎన్నుకున్న మోటారు సగటు తోపుడు నౌక బరువుకి కనీసం ఐదు రెట్లు ఉండాలి. 60 గ్రాముల నౌకకు 3 న్యూటన్లన్నమాట. అంతకన్నా తక్కువైతే రాడ్ వదిలేసరికి వేగం చాలక, ఫిన్లు పట్టుకోవడానికి గాలే ఉండదు.

ఒక్క చిట్కా: నౌక ఎంత గజిబిజి ఆకారమైతే మూడో అంకె అంత చిన్నది తీసుకోండి. సన్నటి రాకెట్ మోటారు ఆగాక కూడా చాలాసేపు పైకి జారుతుంది. మన నౌక గాలికి ముఖం అడ్డుపెట్టుకుని పోతుంది కాబట్టి త్వరగా ఆగి కిందికి తిరుగుతుంది. బీ6-4 అని రాసి ఉన్న చోట బీ6-2, సీ6-5 బదులు సీ6-3. ఆలస్యంగా విచ్చుకున్న పారాచూట్ దారాలు తెంపుకుని పోతుంది, నౌక నేలలో గుచ్చుకుంటుంది.

గొట్టం: చుట్టుకోవాలా, కొనాలా?

మోటారు కూర్చునే లోపలి గొట్టం కొనండి. మిగిలినవన్నీ చుట్టుకోండి. మోటారు మరీ వదులైనా, మరీ బిగువైనా పని చెడుతుంది. ఆ సున్నితమైన కొలత చేత్తో పట్టడం కష్టం.

బయటి గొట్టం మాత్రం చుట్టడంలో ఒక సుఖం ఉంది. 80 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 80 గ్రాముల బరువు) ఏ4 కాగితం సరిగ్గా 5 గ్రాములు. 18 మిల్లీమీటర్ల కడ్డీ మీద పొడవు వైపు నుంచి చుడితే 21 సెంటీమీటర్ల గొట్టం, అయిదు పొరల మందం వస్తుంది. కడ్డీకి ముందు ఒక ప్లాస్టిక్ కాగితం చుట్టండి, లేకపోతే గొట్టం దాన్ని వదలదు. తెల్ల జిగురులో పదో వంతు నీళ్లు కలిపి బ్రష్‌తో పల్చగా రాయండి. ఎక్కువ రాస్తే కాగితం ఉబ్బి అలలొస్తుంది. చుట్టడం మొదలుపెట్టిన తర్వాత ఆగకూడదు, ఆగిన చోట మడత పడుతుంది. జిగురుతో కలిపి 6, 7 గ్రాములవుతుంది. కొన్న గొట్టం అంత పొడవుకి 3 గ్రాములే. అందుకే ఎత్తు కావాలంటే కొన్నది, అందుబాటులో లేని వ్యాసం కావాలంటే చుట్టినది.

ఫిన్లు, రెక్కలు: ఇక్కడ పొదుపు చేస్తే అన్నీ కలిసొస్తాయి

తోక సామాను కదా, బరువు అసలు పట్టకూడదు. 20 చదరపు సెంటీమీటర్ల ఫిన్ 1.5 మిల్లీమీటర్ల మందంలో చేశామనుకోండి. బాల్సా అనే అతి తేలిక చెక్కతో అయితే అరగ్రాము లోపు. బాస్‌వుడ్ చెక్కతో 1.2 గ్రాములు దాటుతుంది. త్రీడీ ప్రింటర్‌తో పీఎల్‌ఏ ప్లాస్టిక్‌లో నింపి తీస్తే 3.7 గ్రాములు. నాలుగు ఫిన్లకు బాల్సా 2 గ్రాములైతే, ప్రింటు చేసినవి దాదాపు 15 గ్రాములు. ఆ 13 గ్రాముల తేడాకి ముక్కులో ఎంత మట్టి కావాలో పైన చెప్పిన లెక్కతో వేసుకోండి, ప్రింటర్ ఆపేస్తారు. పైగా పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఎండలో ఆపిన కారులో వదిలేస్తే చాలు, ఫిన్ వంగుతుంది.

ప్రింటర్ ఉన్నవాళ్లు నిరాశపడకండి. ముక్కు శంకువు మాత్రం దానితోనే చేయండి. అక్కడ బరువు పెరిగితే మనకే లాభం. నౌక కాక్‌పిట్, ముందుండే గుబ్బలు, అన్నీ ప్రింటు చేసి పెట్టొచ్చు.

బాల్సాకి ఒక్కటే జాగ్రత్త, చెక్క గీతలు ఫిన్ ముందు అంచుకి సమాంతరంగా పోవాలి. అడ్డంగా కోస్తే దిగేటప్పుడు బిస్కట్‌లా విరుగుతుంది. కట్టర్‌ని ఒక్కసారే గట్టిగా నొక్కకుండా మూడు నాలుగుసార్లు మెల్లగా లాగండి, అంచు నలగదు. అతికించేటప్పుడు ఫిన్ వేరుకి జిగురు రాసి, గొట్టం మీద ఒకసారి నొక్కి తీసేయండి. రెండు నిమిషాలు ఆరనివ్వండి. మళ్లీ పల్చగా రాసి ఈసారి నిలబెట్టండి. ఆ ఆరిన పొర ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, మరోసారి నిలబెట్టాల్సి వస్తే ఫిన్‌తో పాటు గొట్టం కాగితం కూడా ఊడి వస్తుంది. సూపర్ గ్లూ వేగంగా పట్టుకుంటుంది కానీ పెళుసు. దాన్ని బాల్సా అంచులకు ఇంకించి గట్టిపరచడానికి వాడతాను, నిలబెట్టడానికి వాడను.

బాల్సా లేకపోతే 300 జీఎస్ఎమ్ అట్ట రెండు పొరలు అతికించి వాడొచ్చు. ఫిన్‌కి 1.2 గ్రాములు, నాలుగింటికి 5 గ్రాములు దాటదు. పక్క ఇంజన్లలా కనిపించే గొట్టాలకు మాత్రం కాగితమే తగినది. ఒక్క పొర డ్రాయింగ్ షీటు చుట్టి, లోపల ఏమీ నింపకండి. నా పాత నౌకకి తర్వాత అలాగే చేశాను, పెన్నుల బరువు పోయాక ముక్కులో 14 గ్రాముల మట్టితో నిటారుగా పోయింది.

థర్మకోల్ తేలిక కాబట్టి గుండ్రటి అంగాలకు బాగుంటుంది. కానీ మామూలు స్ప్రే పెయింట్ తగిలితే కరిగి ఎలక కొరికినట్టు అవుతుంది, సూపర్ గ్లూతోనూ అదే గతి. తెల్ల జిగురుతో పల్చని కాగితం అతికించి, అది ఆరాకే రంగు వేయాలి. మోటారు మంట దగ్గర దాన్ని అసలు ఉంచొద్దు.

దిగడానికి: రిబ్బనా, పారాచూటా?

తేలికైనదానికి రిబ్బన్, బరువైనదానికి పారాచూట్. పొడవు వెడల్పుకి పదిరెట్లు ఉన్న రిబ్బన్ 30 గ్రాముల వరకు సరిపోతుంది, గాలికి కొట్టుకుపోదు. అంతకు మించితే 30 సెంటీమీటర్ల పారాచూట్. మోటారుకీ దానికీ మధ్యలో వాడింగ్ (మంటకి కాలని కాగితం) పెట్టడం మర్చిపోతే, పారాచూట్ బదులు మూతిముడుచుకున్న ప్లాస్టిక్ ముద్ద బయటికి వస్తుంది. నేను మొదటి సంవత్సరంలో అలాంటివి మూడు సంపాదించాను.

సరిపోతుందో లేదో ముందే ఎలా తెలుసుకోవాలి

మూడు దారులున్నాయి. అట్ట మీద నౌక నీడని గీసి కోసి, అంచు మీద నిలబెట్టి సమతూకం చూడడం పాతకాలపు పద్ధతి. అది పీడన కేంద్రాన్ని అసలుకన్నా ముందుగా చూపుతుంది, కాబట్టి ఎక్కువ జాగ్రత్తే. 1966లో జేమ్స్ బారోమాన్ ఇచ్చిన సూత్రాలు మామూలు ఆకారాలకు కచ్చితం, కానీ పళ్లెం నౌకలకు, పక్క గొట్టాలకు సరిపోవు. ఇప్పుడు అందరూ వాడేది ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. 2009లో హెల్సింకిలో సంపో నిస్కానెన్ అనే విద్యార్థి పరిశోధన పత్రంగా మొదలైంది. పొట్టి, లావు నౌకలకు అది అడుగున ఏర్పడే గాలి లాగుడుని తక్కువ లెక్కిస్తుంది. అలాంటప్పుడు వెనక బరువు లేని ఒక శంకువుని, పొడవు వ్యాసానికి 3.14 రెట్లు, వెడల్పు వైపు వెనక్కి ఉండేలా, ఊహలో అతికిస్తారు. వింతగా అనిపిస్తుంది కానీ పనిచేస్తుంది.

నేను మాత్రం చివరికి దారం పరీక్షే నమ్ముతాను. వాడని మోటారు, పారాచూట్, వాడింగ్ అన్నీ పెట్టి, గురుత్వ కేంద్రం దగ్గర దారం కట్టి, రెండు మీటర్ల వలయంలో తల చుట్టూ తిప్పుతాను. ముక్కు ముందు పెట్టి తిరిగితే ఎగరొచ్చు. పక్కకో వెనక్కో తిరిగితే ముక్కు శంకువులో కొంచెం మట్టి పెట్టి పెన్సిల్ వెనకతో నొక్కి, మళ్లీ తిప్పుతాను. గాలిలేని చోట చేయాలి. పొట్టి నౌక దీన్లో తప్పినా నిజంగా ఎగిరే అవకాశం ఉంది, కానీ నెగ్గినది ఎగరకపోవడం నేను చూడలేదు.

రంగు వేశాక పరీక్ష మళ్లీ చేయండి. ఇల్లు అలకగానే పండగ కాదు. రెండు పొరల ప్రైమర్ (రంగు కింద వేసే పూత), రెండు పొరల రంగు కలిపి బుల్లి నౌకకి 3, 4 గ్రాములు తెస్తాయి. తోక ఫిన్ల మీద ప్రైమర్‌ని ఉప్పు కాగితంతో దాదాపు చెక్క కనిపించేంతవరకు గీకేస్తాను, ముక్కు మీద మాత్రం ధారాళంగా వేస్తాను.

మైదానంలో అమెరికాలోని నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమావళి అడిగే దూరాలు గుర్తుంచుకోండి. ఏ తరగతికి కనీసం 30 మీటర్ల వెడల్పున్న మైదానం, బీకి 60, సీకి 120. మీరు రాకెట్‌కి కనీసం 5 మీటర్ల దూరంలో ఉండాలి. మోటారు అంటుకోకపోతే ముందు దాన్ని వెలిగించే బ్యాటరీ తీసేసి, నిమిషం ఆగి మాత్రమే దగ్గరికి వెళ్లాలి. కొత్త నౌకని నేను మొదటిసారి ఎప్పుడూ సరిపోయే వాటిలో చిన్న మోటారుతో, ఏ తరగతితోనే ఎగరేస్తాను. అది నిటారుగా లేచిందంటే, బీ మోటారు తెచ్చిన అదనపు బరువుకి ముక్కులో ఎంత మట్టి కలపాలో ఆ సాయంత్రమే లెక్క వేసుకుంటాను.